బండిలోనే కాపురం, బండిలోనే ఆఫీసు: నెల్లూరు, ఒంగోలు పక్కల కుదురుతుందా?

కావలి_రాత్రిషిఫ్టు
అందరికీ నమస్కారం. సూటిగా విషయానికొస్తా. మాది కావలి పక్కన పల్లె, ఉండేది హైదరాబాద్‌లో. నాది అమెరికా క్లయింటు టెస్టింగ్ ప్రాజెక్టు, షిఫ్టు సాయంత్రం ఆరున్నరకు మొదలై తెల్లవారుజామున మూడున్నరకు అవుతుంది. మా ఆవిడది మెడికల్ కోడింగ్, అంటే ఆసుపత్రి రికార్డులకు కోడ్లు వేసే పని, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు. ఇద్దరికీ ఇంటి నుంచే పని, ఆఫీసుకు ఎప్పుడన్నా పిలిస్తే పోవడమే. అద్దె కట్టుకుంటూ అపార్ట్‌మెంట్‌లో కూర్చునే బదులు సెకండ్ హ్యాండ్ ట్రావెలర్ వ్యాను ఒకటి కొని, లోపల మంచం, బల్ల, పొయ్యి, బాత్రూమ్ కట్టించుకుని, మన వైపే తిరుగుతూ పని చేసుకుంటే ఎట్లా ఉంటుందని ఆలోచన. మైపాడు, పాకల, కొత్తపట్నం సముద్రం పక్కన కొన్నాళ్లు, తర్వాత సోమశిల, పెంచలకోన, భైరవకోన, కంభం చెరువు. వీడియోల్లో చూస్తే అందరికీ అన్నీ బ్రహ్మాండంగా కుదిరిపోతున్నాయి, అందుకే నాకు అనుమానం. నెట్ దొరుకుతుందా, కరెంటు చాలుతుందా, రాత్రిళ్లు బండి ఎక్కడ ఆపాలి, ఆర్సీ గొడవలేమిటి, తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నాగట్టు
నెట్ సంగతి చివర్లో పెట్టు తమ్ముడూ. నువ్వు మూడున్నరకు షిఫ్టు దిగి పడుకుంటావు, పదకొండు దాకా అయినా నిద్రపోవాలి. మీ ఆవిడ తొమ్మిదికి అదే డబ్బాలో లాగిన్ అవుతుంది. మే నెల నెల్లూరు ఎండలో, తలుపులు వేసిన రేకుల బండిలో పొద్దున పది గంటలకు పడుకుని చూశావా ఎప్పుడైనా? ముందు దానికి జవాబు చూసుకో.

సోలార్_బాబాయ్
పెన్నాగట్టు చెప్పింది నిజం. లెక్క నేను చెప్తా, ఒంగోలులో సోలార్ ఫిట్టింగ్ పనే నాది.

నీ ల్యాప్‌టాప్ 60 వాట్లు, పక్కన మానిటర్ ఇంకో 25, రౌటర్ 10, బీఎల్‌డీసీ ఫ్యాను 30. తొమ్మిది గంటల షిఫ్టుకు 1100 వాట్ అవర్లు పైమాటే, వెయ్యి అయితే ఒక యూనిట్. మీ ఆవిడకు మానిటర్ లేకపోయినా 700 వేసుకో. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు 500 దాకా తింటుంది. లైట్లు, నీళ్ల మోటారు, ఫోన్లు, నిద్రప్పుడు ఫ్యాను అన్నీ కలిపి ఇంకో 300. మొత్తం రోజుకు 2.6 యూనిట్లు. అందరూ వీడియోల్లో చూపించే 12.8 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉండేది 2.56 యూనిట్లు. అంటే బొటాబొటి ఒక్క రోజుకు. రెండో రోజు మబ్బు పట్టిందంటే షిఫ్టు మధ్యలో లైటు ఆరిపోతుంది, నీ మేనేజరు మాత్రం ఆరడు. నీ వాడకమంతా రాత్రే కాబట్టి పగలు ఎంత పట్టి దాచుకున్నావన్నదే నీ బతుకు.

కాబట్టి 5 యూనిట్ల బ్యాటరీ పెట్టు, అదీ 51.2 వోల్టుల 100 ఏహెచ్‌ది. ఎందుకంటే ఇన్వర్టర్ మీద వెయ్యి వాట్లు లాగితే 12 వోల్టుల్లో 90 ఆంపియర్లు పారుతుంది, వైరు వేలంత లావు కావాలి, జాయింటు ఒక్కటి లూజయినా కాలుతుంది. 48 వోల్టుల సిస్టంలో (ఈ 51.2 బ్యాటరీని అట్లాగే అంటారు) అదే పని 22 ఆంపియర్లతో అయిపోతుంది. ట్యూబులర్ బ్యాటరీ పెట్టుకోమని ఎవరైనా చెప్తే దండం పెట్టి వచ్చేయ్. బరువు, సగానికి మించి వాడుకోకూడదు, పైగా ఛార్జింగప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, మూసిన బండిలో దాని పక్కన పడుకుంటావా?

టాపు మీద 540 వాట్ల ప్యానెళ్లు పొడుగు బండికి రెండు పడతాయి. ఒక్కోటి ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు ఉంటుంది. మన ఎండ ఎక్కువ కాబట్టి బ్రహ్మాండంగా వస్తుందని అందరూ అనుకుంటారు గానీ ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచి ఒక్కో డిగ్రీకి 0.35 శాతం దాకా పడిపోతుంది. మే నెలలో టాపు మీద ప్యానెల్ 65 డిగ్రీలకు పోతుంది, అక్కడే 14 శాతం పాయె. పైన దుమ్ము, పడుకోబెట్టి బిగించడం వల్ల వాలు లేకపోవడం. అన్నీ తీసేస్తే రోజుకు 4 యూనిట్లు చేతికొస్తాయి. నీ 2.6కు చాలు.

చాలదెప్పుడంటే ఏసీ పెట్టినప్పుడు. ముప్పావు టన్ను ఇన్వర్టర్ ఏసీ 700 వాట్ల చుట్టూ లాగుతుంది, ఆరు గంటల నిద్రకు 4 యూనిట్లు దానికే సరిపోయె.

పెన్నాగట్టు
బాబాయ్ అసలు మెలిక చెప్పకుండా వదిలేశారు. చెట్టు కింద ఆపితే నిద్ర పడుతుంది, కరెంటు రాదు. ఎండలో ఆపితే కరెంటు వస్తుంది, నిద్ర పట్టదు. టాపు మీద ప్యానెల్ మీద ఒక కొమ్మ నీడ పడినా సగం ఉత్పత్తి పోతుంది. ఇంక ఏం చేస్తావో చేసుకో.

సోలార్_బాబాయ్
చెప్పేవాణ్ణే, టీకి పోయొచ్చా. బండి చింతచెట్టు కిందే పెట్టు. టాపు ప్యానెళ్లు కాకుండా మడత ప్యానెళ్లు రెండు కొని పదిహేను మీటర్ల డీసీ కేబులు తగిలించి ఎండలో ఆరబెట్టు. గొర్రెలు తొక్కకుండా చూసుకోవాలి, అంతే. పైగా నీడలో ఉంటే ఏసీ అవసరం సగం తగ్గిపోతుంది. టాపు లోపలివైపు ఇంచీ మందం వేడి ఆపే నైట్రైల్ ఫోమ్ అతికించి దాని మీద ప్లైవుడ్ కొట్టించు, టాపు బయట తెల్ల రంగు. ఇంకోటి, బ్యాటరీని ఇంజను వైపు పెట్టనీయకు. బ్యాటరీని కాపాడే సర్క్యూటును బీఎంఎస్ అంటారు, సెల్ 55 డిగ్రీలు దాటితే చాలా బీఎంఎస్‌లు ఛార్జింగ్ ఆపేస్తాయి, అప్పుడు ఎండ ఉండీ లాభం లేదు.

ఆర్టీవో_పక్కవీధి
బండి కొనకముందే ఇది చదువు బాబూ. సెకండ్ హ్యాండ్ ట్రావెలర్ అంటే నూటికి తొంభై పసుపు బోర్డే, అంటే రవాణా బండే, స్కూలు బండో కంపెనీ స్టాఫు బండో అయ్యుంటుంది. దాన్ని కొని సీట్లు పీకేసి మంచం కొట్టించుకుంటే అయిపోలేదు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 అని ఉంది, తయారీదారు ఇచ్చిన వివరాలు ఆర్సీలో ఎట్లా ఉన్నాయో దానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. కారవాన్లకు ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణమే ఉంది, ఆ ప్రకారం అనుమతి తీసుకుని కట్టే సంస్థలున్నాయి, వాళ్ల దగ్గర కట్టించుకుంటే ఆర్సీలో మోటార్ కారవాన్ అని ఎక్కుతుంది, సొంతానికి వాడుకునే బండిగా తెల్ల బోర్డు వస్తుంది. ఖర్చు ఎక్కువే. ఆటోనగర్ షెడ్డులో సగానికే చేస్తారు, పనితనం కూడా బాగుంటుంది, కానీ ఆర్సీలో ఒకటి, లోపల ఇంకోటి ఉన్నప్పుడు ఏదైనా గుద్దుకుంటే ఇన్సూరెన్స్ వాడు మొదట అడిగేది అదే. నీకు వచ్చేది చెయ్యి ఊపడం.

లైసెన్సుకు టెన్షన్ వద్దు. బండి మొత్తం బరువు 7500 కిలోల లోపు ఉంటే ఎల్ఎంవీ, అంటే మామూలు కారు లైసెన్సు చాలు, రవాణా బండి అయినా చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

టోలు కూడా చూసుకో. 2025 ఆగస్టు 15 నుంచి ఏడాది ఫాస్టాగ్ పాసు ఇచ్చారు కదా, 200 ట్రిప్పులకు, మొదలైనప్పుడు 3000 రూపాయలు, అది సొంత కారు, జీపు, వ్యానుకు మాత్రమే. పసుపు బోర్డు ఉన్నంతకాలం నీకు రాదు. టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం గేట్ల మధ్య నువ్వు వారానికోసారి తిరిగినా బాగానే వదుల్తుంది.

లాడ్జి_చాలు
అన్నీ చదివాను. నాదొక్కటే ప్రశ్న. బండి, కట్టుబడి, బ్యాటరీ అన్నీ కలిపి పదిహేను లక్షలు దాటుతుంది. ఆ డబ్బు బ్యాంకులో వేసుకుని, ఉన్న కారులో తిరుగుతూ కావలిలో వారం, ఒంగోలులో వారం, మార్కాపురంలో వారం లాడ్జిలో దిగితే? ఏసీ వాడిది, కరెంటు వాడిది, బాత్రూమ్ కడిగేదీ వాడే. పైగా ముఖ్యమైన మాట, ఇద్దరు పడుకోవడానికి, పని చేసుకోవడానికి రెండు గదులు దొరుకుతాయి.

పెన్నాగట్టు
లాడ్జి నెట్‌తో నువ్వు ఒక్క క్లయింటు కాల్ మాట్లాడి చూపించు, నేనూ వచ్చేస్తా.

డాలస్_కందుకూరోడు
పుట్టింది కందుకూరు, ఉండేది డాలస్. ఇక్కడ ఆర్‌వీలో (ఇల్లులా కట్టిన బండిలో) ఉంటూ పని చేసిన అనుభవం ఉంది కాబట్టి రెండు ముక్కలు. మీరు చూసే వీడియోల్లో తొంభై శాతం ఇక్కడివే, వాటిని చూసి అక్కడ ప్లాన్ వేయకండి. ఇక్కడ ఆర్‌వీ పార్కుకు పోతే 30 ఆంపియర్లదో 50 ఆంపియర్లదో ప్లగ్గు స్తంభం సిద్ధంగా ఉంటుంది, నీళ్ల పంపు, మురుగు వదలడానికి గొట్టం, అన్నీ ఆ స్థలంలోనే. పడమటి రాష్ట్రాల్లో ప్రభుత్వ భూములున్నాయి, బీఎల్ఎం అంటారు, అక్కడ చాలాచోట్ల ఒకే దగ్గర 14 రోజులు ఊరికే ఉండొచ్చు, తర్వాత జరగాలి. టాయిలెట్ డబ్బా ఖాళీ చేసుకోవడానికి డంప్ స్టేషన్లు రోడ్డు పక్కనే తగులుతాయి. ఇవి మన వైపు లేనట్టే. మన దగ్గర ఉన్నది మనుషులు, అడిగితే కాదనరు. ఆ తేడా తెలిసి దిగితే బాధ లేదు.

ఇక్కడికి వచ్చే ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకో మాట. హెచ్1బీ మీద ఉండి ఆర్‌వీలో దేశం తిరుగుతూ పని చేస్తాననుకుంటే కుదరదు. పని చేసే చోటు ఎల్‌సీఏలో రాసి ఉంటుంది, అది కంపెనీ వీసా కోసం ఇక్కడి కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తు. ఆ చోటున్న మెట్రో ప్రాంతం దాటి మకాం మారిస్తే పిటిషన్ సవరించాలని 2015లో సిమియో కేసులో తేల్చారు. కొద్ది రోజులకు మినహాయింపులు ఉన్నాయి గానీ ఏడాదంతా తిరగడానికి కాదు. నేను గ్రీన్‌కార్డు వచ్చాకే బండి కొన్నాను. ఆ తర్వాత కూడా ఒక్కో రాష్ట్రంలో ఎక్కువ రోజులు పని చేస్తే అక్కడ ఆదాయపు పన్ను లెక్క వస్తుంది, టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి చాలామంది దీన్నే సొంత చిరునామాగా పెట్టుకుంటారు.

కావలి_రాత్రిషిఫ్టు
అందరికీ థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఆర్టీవో అన్నా, మీ పోస్టు చదివాక సెకండ్ హ్యాండ్ పసుపు బోర్డు ఆలోచన మానేశాను. లాడ్జి అన్నా, మీరన్నది డబ్బు లెక్కలో కరెక్టే కానీ నాకు పొద్దున షిఫ్టు దిగాక తలుపు తీస్తే సముద్రం కనిపించాలని ఉంది, లాడ్జిలో తలుపు తీస్తే కారిడార్ కనిపిస్తుంది. మరి బండి ఆపే సంగతి? సముద్రం పక్కన ఎవరైనా ఉన్నారా?

రొయ్యలగుంట
మాది మైపాడు దారిలో. చెప్తా విను.

సముద్రం ఒడ్డున ఇసుకలోకి బండి దించావో, ట్రాక్టర్ పిలిపించుకోవాల్సిందే. మూడు టన్నుల పైబడిన బండి, వెనక చక్రాలు ఒక్కసారి కూరుకుపోయాక యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగుతుంది. తారు రోడ్డు అయిపోయిన చోటే ఆపు, సముద్రం దాకా కాళ్లున్నాయి కదా.

ఒడ్డున ఉండే జాలరి పాళేల్లో ఎవర్నీ అడక్కుండా రాత్రి బండి పెట్టొద్దు. పట్టపుపాళెంలో పెద్దలుంటారు, వాళ్ల మాటే ఊరికి కట్టుబాటు. పొద్దున్నే పోయి, ఫలానా ఊరోళ్లం, వారం ఉంటాం, కంప్యూటరు పని, అని చెప్పు. వాళ్లు సరేనన్నాక నీ బండి టైరు గాలి కూడా ఎవడూ తీయడు. చెప్పకుండా పెడితే మాత్రం రాత్రి పన్నెండుకు తలుపు కొడతారు, నువ్వు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్టేటస్ చెప్తుంటావు.

ఇక మా రొయ్యల గుంటల పక్కన. రాత్రిపూట కొత్త బండి కనపడితే కాపలావాళ్లకు గుండె జారుతుంది, పట్టుబడికొచ్చిన గుంటలో రొయ్య లక్షల్లో ఉంటుంది మరి, దొంగలనుకుంటారు. ముందు చెప్పుకుంటే వాళ్లే కాపలా. కానీ ఒక్కటుంది. ఏరేటర్లు. రాత్రంతా నీళ్లలో ఆ చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే రాత్రే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. గుంటకు నాలుగు, ఎనిమిది గుంటలు వరసగా. మొదటి రోజు వర్షం పడుతుందేమో అనుకుంటావు. కరెంటు పోతే జనరేటరు ఎత్తుకుంటుంది, అది ఇంకో రాగం. మా మేనల్లుడు సెలవులకొచ్చి గట్టు మీద కూర్చుని కాల్ మాట్లాడితే అవతల తెల్లాయన నువ్వు జలపాతం దగ్గరున్నావా అని అడిగాడంట. మంచి నాయిస్ క్యాన్సిలింగ్ మైకు కొనుక్కో, లేదా గుంటలకు అర కిలోమీటరు ఎడంగా ఉండు.

ఉప్పుగాలి సంగతి మర్చిపోయా. బండి కింద అండర్ కోటింగ్ కొట్టించకుండా సముద్రం పక్కన నెలలు పెట్టొద్దు. వారానికోసారి మంచినీళ్లతో కింద కడిగించు. ప్యానెల్ కనెక్టర్లు కూడా పచ్చగా చిలుం పడతాయి.

గుండ్లకమ్మ
అమ్మాయి తరఫున ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నా. మేమూ ఇట్లాంటి బండిలో తిరిగాం, అద్దెకు తీసుకుని. మొదట చూసుకోవాల్సింది, పడుకునే చోటు నుంచి బయటికి దిగకుండా డ్రైవర్ సీట్లోకి పోయే దారి ఉండాలి. అర్ధరాత్రి ఏదైనా తేడా అనిపిస్తే దిగి తాళాలు వెతుక్కోకుండా బండి తీసుకుని పోవాలి. కొన్ని బండ్లలో మధ్యలో గోడ కట్టేస్తారు, అది వద్దు.

ఆగడానికి నాకు నచ్చింది హైవే మీద లారీలు ఆగే పెద్ద పెట్రోలు బంకులు. లైట్లు, కెమెరాలు, బాత్రూమ్, రాత్రంతా మనుషులు. అందంగా ఉండదు, క్షేమంగా ఉంటుంది. గుడి ఆవరణలు, సత్రాలు రెండోది. కానీ నీ షిఫ్టుకు గుడి పనికిరాదు అబ్బాయ్. ధనుర్మాసంలో నాలుగున్నరకే మైకులో తిరుప్పావై మొదలవుతుంది. నువ్వు మూడున్నరకు లాగౌట్ కొట్టి, పళ్లు తోముకుని, కన్ను మూసే సరికి స్పీకరు నీ నెత్తి మీదే. మాలకొండ లాంటి చోట ఇంకో లెక్క, అక్కడ గుడి శనివారం మాత్రమే తెరుస్తారు, మిగతా రోజులు ప్రశాంతంగా ఉంటుంది, శనివారం మాత్రం జనం ముందు బండి కదలదు.

టాయిలెట్ గురించి మగవాళ్లు రాయరు, నేనే రాస్తా. క్యాసెట్ టాయిలెట్, అంటే కింద లాగి తీసే డబ్బా ఉండేది, ఇద్దరికి రెండు మూడు రోజులకు నిండుతుంది. దాన్ని బంకులోనో సత్రంలోనో మామూలు టాయిలెట్‌లో పోసి కడుక్కోవాలి. కాలువలోనో చేను గట్టునో పోస్తే ఆ ఊళ్లో ఇంకెవర్నీ ఆగనీయరు, ఆ తిట్లు నీ తర్వాత వచ్చేవాళ్లకు తగులుతాయి. ఆ పని ఎవరు చేస్తారో పెళ్లాం మొగుడు బండి కొనకముందే తేల్చుకోండి, నవ్వులాటకు చెప్పట్లేదు.

ఇంకోటి, బండిలో చేపల పులుసు వండొద్దు. బయట పొయ్యి పెట్టి వండుకోండి. పరుపుకు పట్టిన వాసన ఎన్ని వారాలైనా వదలదు.

కావలి_రాత్రిషిఫ్టు
నేను ఆయన భార్యని, ఆయన ఐడీలోనే రాస్తున్నా. గుండ్లకమ్మ అక్కా, థాంక్స్. క్యాసెట్ ఆయనే కడుగుతానని ఇప్పుడే ఒప్పుకున్నారు, ఇక్కడ రాసి పెడుతున్నా, సాక్ష్యం ఉంటుంది. నా అనుమానం వేరే. నేను పగలు కాల్స్ ఎక్కువ మాట్లాడను, కోడింగే కాబట్టి కీబోర్డు చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆయన రాత్రి మాట్లాడితేనే నాకు నిద్ర పట్టదు. మధ్యలో తెర సరిపోతుందా?

గుండ్లకమ్మ
తెర చాలదమ్మా. వెనక మంచం, ముందు బల్ల, మధ్యలో బాత్రూమూ బీరువా వచ్చేలా కట్టించుకో. ఆ రెండూ అడ్డం ఉంటే చప్పుడు చాలావరకు ఆగుతుంది. చలికాలం ఆయన్ను బయట గుడారంలో కూర్చోబెట్టు.

హెచ్ఆర్_కాదు
మెడికల్ కోడింగ్ అన్నారు కదా, ఒక్క నిమిషం. ఆ పనిలో అమెరికా రోగుల వివరాలు ఉంటాయి, హిపా అని వాళ్ల చట్టం 1996 నుంచి ఉంది. అందుకని ఈ కంపెనీలు చాలావరకు ఇంటి చిరునామా రాయించుకుంటాయి, తలుపున్న గది ఉండాలంటాయి, కొన్ని బ్రాడ్‌బ్యాండ్ లైను తప్ప మొబైల్ నెట్ ఒప్పుకోవు. మీ ఆఫీసు నియమాలు ముందు చదవండి, మెయిల్ పెట్టి రాతపూర్వకంగా ఒప్పించుకోండి. నోటిమాట మేనేజరు మారిన రోజు మారిపోతుంది. భర్తది కూడా అంతే, క్లయింటు చోటు మార్పు ఒప్పుకున్నాడో లేదో చూసుకోవాలి. బ్యాటరీ లెక్కల కంటే ముందు ఇది.

సోలార్_బాబాయ్
కరెక్టు. ఆ మెయిల్ రాకుండా నాకు ఫోన్ చేయకండి.

పలకల_ఊరు
పడమటి వైపు గురించి చెప్పేవాళ్లు లేరు కాబట్టి మార్కాపురం నుంచి నేను. కంభం చెరువు కట్ట మీద పొద్దున పూట కూర్చుంటే పని బుద్ధి కాదు, అది వేరే విషయం. విజయనగర రాజుల నాటి చెరువు, గుండ్లకమ్మకు అడ్డం కట్టారు, 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేర్చారు. ఊరు పక్కనే కాబట్టి సిగ్నల్‌కు బాధ లేదు.

కొండల్లోకి పోయేకొద్దీ మారుతుంది. భైరవకోనలో ఎనిమిది గుహాలయాలు, జలపాతం, అన్నీ బాగుంటాయి, కానీ కొండల మధ్య లోయ కదా, సెలవు రోజున పోండి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాటు ఎక్కాక అడవంతా పులుల అభయారణ్యం, సిగ్నల్ లేదు, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు వేసేస్తారు, లోపల బండి ఆపి పడుకోవడం అనే మాటే లేదు. షిఫ్టు ఉన్న రోజు ఆ దారి పెట్టుకోకండి.

నెట్ చూసుకునే పద్ధతి ఒకటి చెప్తా. గీతలు చూసి మోసపోవద్దు. ఫోన్ సెట్టింగ్స్‌లో సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో కనిపిస్తుంది. మైనస్ 90 దగ్గర ఉంటే హాయి, మైనస్ 110 దాటితే మీటింగులో మీ మొహం బొమ్మలాగా ఆగిపోతుంది. వీడియో కాల్‌కు 3 ఎంబీపీఎస్ చాలు, కానీ అది అప్‌లోడ్‌లో రావాలి, అందరూ డౌన్‌లోడ్ చూసుకుని సంతోషపడతారు. రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు పడే రౌటరు, టాపు మీద బయటి యాంటెనా. బండి రేకు సిగ్నల్‌ను మింగేస్తుంది, లోపల పెట్టిన రౌటరుకు సగమే అందుతుంది. నువ్వు సాయంత్రం ఆరున్నరకు మొదలుపెడతావు కాబట్టి ఏడు నుంచి పది మధ్య టెస్ట్ చెయ్, ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చునే వేళ అది. మధ్యాహ్నం టెస్ట్ చేసి బాగుందనుకుంటే లాభం లేదు.

నీళ్లు. కనిగిరి వైపు బోరు నీళ్లు తాగొద్దు, ఫ్లోరైడ్. ఫ్లోరోసిస్‌తో నడుములు వంగిపోయినవాళ్లు ఆ పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. తాగడానికి, వంటకు ఆర్‌వో ప్లాంటు క్యాను, మిగతాదానికే ట్యాంకు నీళ్లు.

రొయ్యలగుంట
అన్నట్టు ఎప్పుడు మొదలుపెడతావు? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సముద్రం వైపు మకాం వద్దు. మనకు వాన ఈశాన్య రుతుపవనంలోనే కదా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, దానికి రెండు రోజుల ముందు నుంచే ఇక్కడ గాలి, వాన. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు దగ్గర హైవేనే తెగింది, లారీలు కిలోమీటర్ల కొద్దీ ఆగాయి. పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో పొద్దున పేపర్లో చూసుకో, మూడో నంబరు వేశారంటే సామాను సర్దేసి మెట్టకు పో.

పెన్నాగట్టు
అంటే వానాకాలం సముద్రం వద్దు, ఎండాకాలం బండే వద్దు. మిగిలింది సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, మహా అయితే ఉగాది. ఏడాదిలో మూడు నెలల కోసం పదిహేను లక్షలు. లాడ్జి అన్న మాట ఇప్పుడు నాకూ తలకెక్కుతోంది.

ఉలవపాడు_తోట
ఎండాకాలం వద్దని ఎందుకంటావు. మా మామిడితోటలో మే నెల మధ్యాహ్నం కూడా మంచం వేసుకుని పడుకుంటాం. చెట్లు ముప్పై ఏళ్లవి, కొమ్మలు కలిసిపోయి నేల మీద ఎండ పొడ పడదు. ఎత్తు బండి మాత్రం వరసల మధ్యకు రాదు, గేటు దగ్గర పెద్ద చెట్టు కింద ఆపాలి. పళ్లు తెంపే రోజుల్లో కూలీలు, గంపలు, లారీలు, గోలగా ఉంటుంది, అంతే ఇబ్బంది.

కరెంటు గురించి ముందే చెప్తున్నా. బోరు మోటారు కనెక్షన్ నుంచి వైరు లాగుతామంటే ఒప్పుకోను. అది వ్యవసాయానికిచ్చిన ఉచిత కరెంటు, బండికి ఏసీ తిప్పితే అనధికార వాడకమని కేసు రాస్తారు, నా పేరు మీద. కాపలా ఇంటికి వేరే మీటరుంది, 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టిస్తా, చిన్న సబ్ మీటరు బిగించి యూనిట్ల లెక్కన తీసుకుంటా. మా తోట అనే కాదు, ఈ చుట్టుపక్కల ఏ రైతునడిగినా ఇట్లాగే కుదుర్చుకోండి, ఊరికే వాడుకోవద్దు. కేరళలో 2021లో కారవాన్ టూరిజం విధానం తెచ్చి పార్కులు కట్టుకున్నారు, ఇక్కడ రైతులే ఆ పని మొదలుపెడితే పోయేదేముంది. మాగాణి కోత అయ్యాక బాతులోళ్లు మందలు తోలుకొచ్చి రైతునడిగి చేలో దిగడం మన నెల్లూరు వైపు ఎప్పట్నుంచో ఉన్నదే, మీదీ అట్లాంటిదే అనుకోండి.

కావలి_రాత్రిషిఫ్టు
ఇదండీ నాకు కావాల్సింది. సరే, ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ముందు ఇద్దరి ఆఫీసులకూ మెయిల్ పెడతాం. ఒప్పుకుంటే సంక్రాంతి తర్వాత బెంగళూరు నుంచో చెన్నై నుంచో ఒక కారవాన్ అద్దెకు తీసుకుని వారం మైపాడు దగ్గర, వారం ఉలవపాడు తోటలో, షిఫ్టు చేస్తూనే ఉండి చూస్తాం. బండి కదిపేది శని, ఆదివారాల్లోనే. అది తట్టుకుంటే కొనడం గురించి. ఎండాకాలం ఏసీ అవసరమైతే ప్లగ్గు ఉన్న చోటే, సోలార్ మీద ఏసీ ఆశ వదిలేశా. బాబాయ్, అద్దె బండిలో చూసుకోవాల్సినవి ఏమన్నా ఉన్నాయా?

సోలార్_బాబాయ్
ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవా కాదా అడుగు, కాకపోతే ల్యాప్‌టాప్ అడాప్టరు గుయ్యిమని వేడెక్కుతుంది. బ్యాటరీ ఎన్ని యూనిట్లో కాగితం మీద రాయించుకో, ఏహెచ్ ఒక్కటే చెప్తే వోల్టులు అడిగి గుణించు. మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉందో లేదో కళ్లతో చూడు, ఇన్వర్టర్ దగ్గర పెట్టి ఉంటే మధ్యలో ఉన్న వైరంతా రక్షణ లేనట్టే. బయటి ప్లగ్గు పెట్టినప్పుడు ఎర్త్ వస్తోందా అని చూసే టెస్టరు మూడు పిన్నులది రెండొందలకు దొరుకుతుంది, అది నీ దగ్గరే ఉంచుకో. పల్లెల్లో ప్లగ్గుకు మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండదు, బండి బాడీ మొత్తం ఇనుము.

ఉలవపాడు_తోట
మా ప్లగ్గుకు ఎర్త్ ఉంది బాబాయ్, గొయ్యి తీసి ఉప్పూ బొగ్గూ వేయించా. వచ్చి చూసుకోవచ్చు.

సోలార్_బాబాయ్
ఆదివారం వస్తా. కాయ ఉంటే పక్కన పెట్టు.

ఉలవపాడు_తోట
ఇప్పుడు కాయెక్కడిది, పూతే రాలేదు. సపోటాలున్నాయి.